నాలుగో తీగ

మార్చి 2, ఆదివారం

తేజేశ్వర్ అనే కన్సల్టెంట్ మా ఇద్దరి రెజ్యూమెలూ జూమ్‌లో పక్కపక్కన పెట్టుకుని పది నిమిషాలు చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంతసేపు ఎవరూ చూడలేదు. చివరికి, "సార్‌ది మరీ మామూలుగా ఉంది మేడమ్. మీ పేరు మీద వెళ్దాం" అన్నాడు. ఈయన మొహం ముడుచుకుని కాఫీ వంకతో లేచి వెళ్ళారు.

మామూలు క్యూలో మా గ్రీన్‌కార్డ్ వచ్చేసరికి మా అమ్మాయి తన్వికి మనవలు పుడతారు. "అసాధారణ ప్రతిభ" క్యూలో అయితే నెలల్లో తేలిపోతుందట. తన్వికి అక్టోబర్ 23న ఇరవై ఒకటి నిండుతుంది. ఆ రోజు దాటితే అది మా ఫైల్‌లో మనిషి కాదు. సొంతంగా వీసా వెతుక్కోవాలి, దొరక్కపోతే దేశం వదిలి పోవాలి. నాలుగేళ్ళప్పుడు వచ్చిన పిల్ల. ఎక్కడికి పోతుంది? తెనాలిలో ఆటోవాడికి అడ్రస్ చెప్పడం కూడా రాదు దానికి.

కాబట్టి ఏడున్నర నెలల్లో నాకు అసాధారణ ప్రతిభ ఉందని నిరూపించాలి. ఇరవై మూడేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఇన్నేళ్ళలో అలాంటిదేదీ నా కంటపడలేదు.

మార్చి 3

ఎవరికీ చెప్పకూడదు. దిష్టి. మా ఊరు ఆష్‌బర్న్‌లో ఫైల్ చేసినవాళ్ళెవరూ బయటపడరు. వచ్చాక కూడా ఏడాది పాటు చెప్పరు, కొత్త కారు కొన్నప్పుడు మనమే అర్థం చేసుకోవాలి. గీతాంజలికి కూడా చెప్పను. మూడు వీధుల అవతల ఇల్లు, రోజూ సాయంత్రం కలిసి వాకింగ్, దాని గరాజ్ కోడ్ నాకూ నా గరాజ్ కోడ్ దానికీ తెలుసు. అయినా సరే.

మార్చి 9

తేజేశ్వర్ దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంది. ఏ రంగంలో ఎంతమంది తెలుగువాళ్ళు అసాధారణులుగా ఉన్నారో లెక్క. ఏఐ నిండిపోయిందట. క్లౌడ్ నిండిపోయింది. సైబర్ సెక్యూరిటీలో నిలబడటానికి చోటు లేదు.

"ఎవరూ లేని ఫీల్డ్ కావాలి మేడమ్. అందులో ఎంటర్ అయిన రోజే మీరు టాప్."

పాత సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి పంపమంటే పంపాను. ఇంజనీరింగ్ మూడో ఏడులో ఇచ్చిన సెమినార్ కాగితం ఒకటి అందులో ఉంది. "సౌండింగ్ రాకెట్లు". పైకి వెళ్ళి, గాలినీ వాతావరణాన్నీ కొలిచి, కింద పడిపోయే రాకెట్లు. ఆ సెమినార్‌లో నేనేం మాట్లాడానో ఆ దేవుడికే తెలియాలి. తేజేశ్వర్ మాత్రం కుర్చీలోంచి లేచాడు.

"ఇండియన్ రాకెట్లు వద్దు, ఆ ఫీల్డ్‌లో నిజంగానే సైంటిస్టులు ఉంటారు. అమెరికన్‌వి వద్దు, సెక్యూరిటీ గొడవ. కేరళ తుంబాలో మనవాళ్ళు మొదట్లో ఫ్రెంచ్ రాకెట్లు ఎగరేశారు కదా? ఫ్రెంచ్‌వి తీసుకుందాం. అందులోనూ బాగా పాతవి. ఎవరికీ అక్కర్లేనివి."

ఆ విధంగా నేను తొలినాటి ఫ్రెంచ్ సౌండింగ్ రాకెట్ల నిపుణురాలినయ్యాను. ఫ్రెంచ్ రాదు. ఫోన్ కెమెరా పెడితే అనువాదం అదే వస్తుందన్నాడు.

మార్చి 16

మొదటి రాకెట్ పేరు వెరోనిక్. యుద్ధం అయ్యాక ఫ్రాన్స్ వాళ్ళు కట్టారు. సహారా ఎడారిలోంచి ఎగరేసేవాళ్ళు. దానికి మొదట్లో తిన్నగా వెళ్ళడం చేతకాదు కాబట్టి నాలుగు తీగలు కట్టేవారట. మొదటి యాభై అరవై మీటర్లు ఆ తీగలు పట్టుకుని ఉంటాయి. తర్వాత వదిలేస్తాయి.

పిచ్చిదానిలా ఆ పేజీ మూడుసార్లు చదివాను.

మార్చి 22

వాకింగ్‌లో గీతాంజలి ఈ మధ్య ఏం చేస్తున్నావని అడిగింది. యోగా అన్నాను. నువ్వో అంటే, అది కూడా యోగానే అంది. దాని నడుము చూస్తే అలా అనిపించలేదు.

ఏప్రిల్ 6

దొరికింది! పాత పుస్తకం స్కాన్‌లో ఒక ఫోటో. వెరోనిక్ అప్పుడే లేస్తోంది, కింద పొగ. తీగలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మూడే. నాలుగో తీగ ముందే తెగిపోయిందన్నమాట. అయినా రాకెట్ తిన్నగా లేస్తోంది. అంటే మూడు తీగలు చాలు! ఇన్నేళ్ళుగా ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

ఈయనకి చూపించాను.

"నాలుగోది వెనకాల ఉందేమో" అన్నారు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నేను ఏదన్నా కనిపెడితే ఈ మనిషి ఓర్వలేడు.

ఏప్రిల్ 7

తన్వి కూడా అదే అంది. "అమ్మా, ఇట్స్ బిహైండ్ ద రాకెట్. అబ్వియస్‌గా." దీనికోసమే చేస్తున్నానని దీనికి తెలీదు. చెప్పలేదు, చెప్తే భయపడుతుంది.

ఏప్రిల్ 27

పేపర్ రాసేశాను. పద్నాలుగు పేజీలు. పైన పేరు ఆర్. చదలవాడ, నా పుట్టింటి ఇంటిపేరు. "మూడు తీగల సిద్ధాంతం" అని తేజేశ్వర్ పేరు పెట్టాడు. ప్రచురించే త్రైమాసిక పత్రిక కూడా అతనిదే, వాళ్ళ తమ్ముడు ఎడిటర్. నన్నొక ప్రపంచ సంఘంలో సభ్యురాలిని కూడా చేశాడు. తొలి ఫ్రెంచ్ సౌండింగ్ రాకెట్ల పరిశోధకుల సంఘం. సభ్యత్వం నంబర్ ఒకటి.

మే 11

పేపర్ వెనక్కి వచ్చింది. పేపర్‌ని పరీక్షించిన "రివ్యూయర్ టూ" అనే, పేరు చెప్పని మహానుభావుడెవరో రాశాడు. కాపీ చేస్తున్నాను, రేపెప్పుడో నేను పేరు తెచ్చుకున్నాక చూసుకోవడానికి:

"రచయిత్రికి కోడిగుడ్డు చూపిస్తే అవతలి వైపు పెంకు లేదని పేపర్ రాస్తుందేమో. నాలుగో తీగ రాకెట్ వెనక ఉంది."

ఎవడు వీడు? ఎంత పొగరు! మూడు పేజీల జవాబు రాశాను. మొదటి పేజీ అంతా తిట్లే, తేజేశ్వర్ తీసేశాడు. కోడిగుడ్డు ముట్టబుద్ధి కావట్లేదు.

మే 12

ఫోటో మళ్ళీ చూశాను. మూడే.

మే 18

నిపుణురాలినని రుజువు కోసం ఎక్కడో ఒకచోట జడ్జిగా ఉండాలట. లైబ్రరీలో ఆరో తరగతి పిల్లల సీసా రాకెట్ల పోటీకి వెళ్ళాను. నీళ్ళు పోసి గాలి కొడితే ఎగురుతాయి. ఎవరి రాకెట్‌కీ తీగలు లేవు. ఒక్కొక్కరినీ ఆపి ఎందుకు కట్టలేదని అడిగాను. ఒక పాప ఏడ్చింది. సర్టిఫికెట్ ఇచ్చారు.

జూన్ 8

రివ్యూయర్ టూ నాలుగోసారి రాశాడు. ఈసారి తొమ్మిది పేజీలు, బొమ్మ గీసి, కోణాలు కొలిచి. ఒప్పుకోవాలి, మనిషి చదివినవాడు. ఎడారిలో మధ్యాహ్నం ఎండలో రాకెట్ నీడ ఎంత పొడవు పడుతుందో లెక్క కట్టాడు. ఆఫీస్‌లో నా పనిని ఎవరూ ఎప్పుడూ ఇంత శ్రద్ధగా చదవలేదు. నేనూ తొమ్మిది పేజీలు రాశాను. ఆఖర్న "నమస్కారాలతో" అని కూడా పెట్టాను.

పేపర్ వేసుకుంటామని పత్రిక ఉత్తరం వచ్చింది. కింద ఒక గమనిక: రెండో సమీక్షకులు ఏకీభవించడం లేదు.

జూన్ 15

ఫైల్ చేసేశాం. లోపల తేజేశ్వర్ రాసిన ఒక పేరా రెండుసార్లు చదివాను. నా వల్ల అమెరికాకి లాభం ఏమిటంటే, ఈ దేశం ఎప్పుడైనా తీగలు కట్టి రాకెట్లు ఎగరేయాల్సి వస్తే, ఒక తీగ ఖర్చు మిగులుతుందట.

జూలై 6

ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం. నిర్ణయం చెప్పేముందు, ఈ రంగంలో నాతో సంబంధం లేని నిపుణుడెవరైనా నా గురించి లెటర్ ఇవ్వాలట. తేజేశ్వర్ ప్రపంచం మొత్తం మీద ఇంకొక్కరే ఉన్నారన్నాడు. "జి. కె. వేముల. మీ రివ్యూయర్ టూ. అడుగుతాను, ఇస్తారు. వాళ్ళకి కూడా మీ లెటర్ కావాలి."

అంటే వాడు కూడా గ్రీన్‌కార్డ్ వాడే! ఛీ. నేను ఏ ఫ్రెంచ్ ప్రొఫెసరో అనుకున్నాను.

జూలై 9

నెమ్మదిగా రాస్తాను.

ఇడ్లీ కుక్కర్ తిరిగి ఇద్దామని సాయంత్రం గీతాంజలి ఇంటికి వెళ్ళాను. గరాజ్ తీసుకుని లోపలికి వెళ్తే డైనింగ్ టేబుల్ మీద ఒక ఫోటో. వెరోనిక్. నా మూడు తీగల ఫోటో. దాని చుట్టూ ఎర్ర స్కెచ్‌పెన్ గీతలు, పక్కన తెలుగులో "ఈమెకు బుర్ర ఉందా లేదా".

గీతాంజలి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఫోటో మీద కొత్తిమీర కట్ట పెట్టింది.

"ఏం లేదక్కా. నీల్‌గాడి స్కూల్ ప్రాజెక్ట్."

"జూలైలో స్కూలేంటే?"

"సమ్మర్ ప్రాజెక్ట్."

ఊరుకుందామనే అనుకున్నాను. దేవుడి సాక్షిగా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నోరు ఆగితేగా.

"మూడే ఉన్నాయి కదా అందులో" అన్నాను.

"ఏడ మూడు? నాలుగోది రాకెట్ ఎనక..." అని గీతాంజలి ఆగింది. గరిటె చేతిలోనే ఉంది. "అక్కా. ఆర్. చదలవాడ అంటే... నువ్వా?"

"జి. కె. వేముల నువ్వా? మీ ఇంటిపేరు బద్దం కదే!"

"అది మా ఆయనది. పాస్‌పోర్ట్‌ల మా నాయనదే ఉన్నది." గరిటె టేబుల్ మీద పెట్టింది. "రెండు నెలలు! రెండు నెలల సంది నా పానం తీస్తున్నది నువ్వా అక్కా? నీవల్ల నాకు బీపీ వచ్చింది తెల్సా?"

"నువ్వు నన్ను కోడిగుడ్డు అన్నావు!"

"నువ్వు నాకు జ్యామితి రాదన్నవ్! నేను కరీంనగర్ జిల్లా మ్యాథ్స్ ఫస్ట్!"

ఇద్దరం అరుచుకున్నాం. తర్వాత ఏమైందో తెలీదు, నవ్వు మొదలైంది. ఆపుకోలేక కుర్చీలు పట్టుకుని నవ్వాం. పప్పు మాడిపోయింది. నీల్ మెట్ల మీంచి చూసి, వాళ్ళమ్మకి ఏదో అయిందనుకుని ఫోన్ తీశాడు. వాడికి పదహారే, ఇంకా అయిదేళ్ళు టైముంది. అయినా ముందుజాగ్రత్తగా మొదలుపెట్టిందట. తన్వి సంగతి చెప్పాను. నవ్వడం ఆపేసింది.

"అక్టోబరా? ముందే చెప్పాలె కదక్కా."

"దిష్టి అని..."

"నాక్కూడ అదే భయం" అంది.

జూలై 10

తేజేశ్వర్‌ని ఇద్దరం స్పీకర్‌లో పెట్టి దులిపేశాం. అతనేం జంకలేదు. "ఫీల్డ్‌లో ఒక్కరే ఉంటే అది ఫీల్డ్ అని ఆఫీసు ఒప్పుకోదు మేడమ్. కనీసం ఇద్దరుండాలి. అందుకే గీతాంజలి మేడమ్‌ని మీ తర్వాత చేర్చాను."

ఆ తర్వాత నాకు విడిగా ఫోన్ చేశాడు. రెండు ఫైళ్ళూ ఒకే టేబుల్ మీదికి వెళ్తాయట. టాప్‌లో ఉన్నది ఎవరని ఆఫీసర్ అడుగుతాడట. "టాప్‌లో ఇద్దరుండరు కదా మేడమ్. మీ లెటర్ మీరే చూసుకుని రాయండి."

జూలై 13

ఫ్రెంచ్ పుస్తకం ఒకటి లైబ్రరీ తెప్పించి ఇచ్చింది. నలభై ఒకటో పేజీలో అదే రాకెట్, అదే ఎగరడం, పక్కనుంచి తీసిన ఇంకో ఫోటో.

నాలుగు ఉన్నాయి.

పేజీ ఫోటో తీసుకుని పుస్తకం వెనక్కి ఇచ్చేశాను.

జూలై 14

పాత ఫోటోలు అంత నమ్మదగ్గవి కావు. గీతలు పడి ఉంటాయి.

జూలై 17

గీతాంజలి నా గురించి రాసిన లెటర్ తేజేశ్వర్ చూపించాడు. "రాగిణి గారితో నేను ఏకీభవించను. కానీ తొలినాటి ఫ్రెంచ్ రాకెట్లను ఇంత ప్రేమగా, ఇంత మొండిగా చూసిన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. ఈ రంగంలో ఆమే మొదటి వ్యక్తి." కళ్ళు చెమర్చాయి.

నేను కూడా మంచి లెటరే రాశాను. రెండు పేజీలు. అన్నీ పొగడ్తలే. జ్యామితి గురించి కూడా రాశాను. ఆఖర్న ఒకే ఒక్క వాక్యం: నాలుగో తీగ గురించి ఆమె అభిప్రాయం పొరపాటని ఇప్పుడు తేలిపోయింది.

అది అబద్ధం కాదు. అభిప్రాయం. పండితుల మధ్య ఇలాంటివి మామూలే.

జూలై 18

వాకింగ్‌కి వెళ్ళలేదు. మోకాలు నొప్పి.

జూలై 19

మోకాలు.

ఆగస్టు 14

నాది అప్రూవ్ అయింది! ఈయన ఆఫీస్ నుంచి మధ్యాహ్నమే వచ్చేశారు. నన్ను "సైంటిస్ట్ గారూ" అన్నారు, వెక్కిరింపు కాదు. తన్వికి అప్పుడు చెప్పాం అంతా. అది నా మెడ పట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో. "అమ్మా, ఐ న్యూ. ఐ వజ్ సో స్కేర్డ్, నీకు చెప్పలే" అంది. ఇన్నాళ్ళూ అది నాకు తెలియకుండా భయపడిందట, నేను దానికి తెలియకుండా భయపడ్డాను.

ఇంక గ్రీన్‌కార్డ్ కోసం రెండో అప్లికేషన్ మిగిలింది, ముగ్గురం కలిపి. మెడికల్స్ అవీ అయ్యేసరికి అక్టోబర్ మొదటివారం. దానిమీదే తన్వి పేరు ఉంటుంది, పుట్టినరోజులోపు ఎక్కితే చాలు. అంతవరకు నా పేపర్ మీద ఎవరూ వేలు పెట్టకుండా చూసుకోమన్నాడు తేజేశ్వర్.

ఆగస్టు 20

గీతాంజలిది రిజెక్ట్ అయింది.

ఆగస్టు 21

నీల్‌కి ఇంకా టైముంది.

ఆగస్టు 24

నీల్‌కి బోలెడు టైముంది. అయిదేళ్ళు.

సెప్టెంబర్ 7

గీతాంజలి వచ్చింది. నేనే వెళ్ళాల్సింది. చేతిలో రిజెక్షన్ కాగితం. సోఫాలో కూర్చుని చదివి వినిపించింది. అందులో నా వాక్యం ఉంది, కొటేషన్‌లో, నా పేరుతో సహా. ఈ రంగంలో మొదటి వ్యక్తే ఈమె పొరపాటు పడిందని చెబుతున్నందున, అని.

ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. తిడితే బాగుండనిపించింది.

"నేను గుడ మళ్ళ చూసినక్కా ఆ ఫోటో. నలభై సార్లు చూసిన. నీ అంత దానివి రాసినవంటే ఊరికే రాయవు కదా. నాకు గుడ ఇప్పుడు మూడే కనబడ్తున్నయ్." కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. "నేనే తప్పు. ఉత్తగనే నిన్ను రెండు నెలలు సతాయించిన. ఏమనుకోకు."

"టీ పెట్టనా?" అన్నాను.

అది వెళ్ళాక బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. నేనింత నీచురాలినని నాకు తెలీదు. దానికి కళ్ళున్నాయి, బుర్ర ఉంది, లేని తప్పు ఒప్పుకుని క్షమాపణ కూడా చెప్పి వెళ్ళింది. నేను ఫోన్‌లో నలభై ఒకటో పేజీ పెట్టుకుని టీ ఇచ్చాను.

సెప్టెంబర్ 8

దాని మొహం చూస్తూ చెప్పలేను. కాగితం మీదైతే చెప్పగలను.

సెప్టెంబర్ 14

రాశాను. ఒక్క పేజీ. "మూడు తీగల సిద్ధాంతం తప్పు. నాలుగు తీగలు ఉన్నాయి. ఈ సంగతి జూలై 13 నుంచి నాకు తెలుసు. జి. కె. వేముల గారు మొదటినుంచీ చెప్పింది నిజం." నలభై ఒకటో పేజీ ఫోటో జతచేశాను.

ఈయనకి చూపించాను. "ఇది అచ్చయితే నీ అప్రూవల్ పోవచ్చు. తన్వి..." అన్నారు.

"తెలుసు."

"మూడు వారాలు ఆగి పంపకూడదా?"

"మూడు వారాలు ఆగితే నేను పంపను. నా సంగతి మీకు తెలీదు."

తన్విని కూడా అడిగాను. దాని జీవితం కదా. అది కాగితం చదివింది, గోళ్ళు కొరుక్కుంది, తర్వాత, "గీతా ఆంటీ యాక్చువల్లీ నీకు సారీ చెప్పిందా?" అంది. చెప్పింది అన్నాను. "దెన్ సెండ్ ఇట్, అమ్మా" అంది.

పత్రికకి పంపేశాను. వాళ్ళు దాన్ని సమీక్షకి ఎవరికి పంపుతారో నాకేం తెలుసు.

సెప్టెంబర్ 15

నాకు తెలుసు.

సెప్టెంబర్ 16

ఏం లేదు.

సెప్టెంబర్ 19

వాకింగ్ దారిలో ఎదురుపడింది. చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఆగలేదు, ఫోన్‌లో ఏదో చదువుకుంటూ వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 27

సమీక్ష వచ్చింది. ఉన్నదున్నట్టు కాపీ చేస్తున్నాను.

"రివ్యూయర్ టూ నిర్ణయం: తిరస్కరణ.

ఆధారంగా పంపిన ఫోటో మసకగా ఉన్నది. తీగలు ఎన్ని ఉన్నవో చెప్పరాదు. రచయిత్రి మునుపటి సిద్ధాంతం అట్లనే ఉంచడమైనది.

ఎడిటర్‌కు: ఈ పేపర్ అక్టోబర్ 24కు ముందు ఎట్టి పరిస్థితిలో అచ్చు వేయరాదు. తర్వాత రచయిత్రి మళ్ళీ పంపితే మొదటి పేజీలోనే వేయవలెను. వేయకపోతే నేను ఊరుకోను.

రచయిత్రికి: నాలుగు తీగలు కనబడ్డయ్. జూలైలనే చెప్తే ఏం పోయేది? మస్తు కోపం వచ్చింది. వారం రోజులు నీ మొహం చూడాలనిపించలేదు. తన్వి పేరు ఎక్కనీయి. ఎక్కినంక నేను మళ్ళ ఫైల్ చేస్త, అప్పుడు నువ్వు లెటర్ రాయాలె. ఆఖరి వాక్యం నేనే రాస్త."

ఈయనకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. సగంలో ఫోన్ ఆయన చేతికిచ్చి చెప్పులేసుకుని బయల్దేరాను. మూడు వీధులు. మోకాలు గుర్తుకే రాలేదు. ఈసారి గరాజ్ కోడ్ కొట్టలేదు, బెల్ కొట్టాను.

తలుపు తీసింది. నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టింది.

"రివ్యూయర్‌తోని రైటర్ మాట్లాడొద్దంట. రూల్ ఉన్నది."

"గీతా..."

"ఒక్క మాట గుడ మాట్లాడకు. నాకింకా కోపం పోలే." తలుపు పూర్తిగా తీసి పక్కకి జరిగింది. "లోపలికొచ్చి కూసో. ఉప్మా చేసిన, అయిపోయేదాంక మాట్లాడకుండ తిను."

తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.